పిల్లలకు ‘మిస్సమ్మ’ చూపించాలంటే

కొండ దిగి తిరుపతిలో మా ఇంటికొచ్చే చుట్టాల పిల్లలకు ‘మిస్సమ్మ’ చూపించడం నాకు అలవాటు. మీరూ చూపించాలంటే ముందు టీవీలో స్క్రీన్ సైజు మార్చండి. 1955 నాటి బొమ్మ కొంచెం చదరంగా ఉంటుంది. సాగదీస్తే సావిత్రి మొహం కూడా పూర్ణం బూరెలా కనిపిస్తుంది.

“క్లాసిక్” అని ఊదరగొట్టకండి. ఉద్యోగం కోసం పెళ్లికాని ఇద్దరు మొగుడూపెళ్లాలుగా నటిస్తారని చెబితే చాలు. దాదాపు మూడు గంటల సినిమా, రెండు పూటలుగా పెట్టండి. ఫోన్లు లాక్కోవద్దు. ఇద్దరూ జమీందారు ఊరు చేరాక సావిత్రి చిరచిరలు, ఎన్టీఆర్ సర్దుబాట్లు, ఏమీ తెలియని జమీందారు ఎస్వీఆర్ మురిపెం చూసి వాళ్లే పక్కన పెడతారు. పాటలు మాత్రం దాటించకండి. ‘రావోయి చందమామ’లో ఉన్నదంతా ఆ జంట గొడవే!

పుట్టుమచ్చతో తప్పిపోయిన కూతురు దొరకడం ఇప్పుడు తేలిపోయింది. సావిత్రి వేసిన మేరీ మతం సంగతినీ కథ సులువుగా దాటేసింది. పిల్లలు అడిగితే సమర్థించబోకండి, నిజమేనని ఒప్పుకోండి. నాగేశ్వరరావు డిటెక్టివ్ వేషాలకు కూడా నవ్వలేదంటే నిద్రొస్తున్నట్టే. ఆపేసి పడుకోబెట్టండి, మిగతాది రేపు.