లక్ష కిలోమీటర్ల సర్వీసు బిల్లు ఇలా తగ్గించుకున్నాను

మా కారుకి 12 ఏళ్లు. 1,00,000 కిలోమీటర్ల సర్వీసు ఎస్టిమేట్ చూడగానే గుండె గుభేలుమంది. ఆ రాత్రే మాన్యువల్ తీసి ఒక్కో లైనూ సరిచూశాను. ఎస్టిమేట్‌లో రాసిన ఇంజిన్ ఫ్లషింగ్, ఇంజెక్టర్ క్లీనింగ్ మాన్యువల్‌లో లేనే లేవు. రెండూ కొట్టేయించాను.

టైమింగ్ బెల్టు (ఇంజిన్‌లో వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా చూసే బెల్టు) మాత్రం వాయిదా వేయలేదు. అది తెగితే మా ఇంజిన్‌లో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. ఆ ఖర్చు ముందు ఈ బిల్లు ఏపాటి? వాటర్ పంపు తిరిగేదీ ఆ బెల్టుతోనే, అందుకే రెండూ ఒకేసారి మార్పించాను. లేబర్ ఒక్కసారికే సరిపోయింది. విప్పిన పాత బెల్టు వంచి చూస్తే పళ్ల మొదట్లో సన్నటి పగుళ్లు! ఒళ్లు జలదరించింది.

తేమ పీల్చి నల్లబడ్డ బ్రేక్ ఆయిల్ కూడా మార్పించాను. ఎయిర్ ఫిల్టర్ నేనే వేసుకున్నాను, నాలుగు క్లిప్పులు తీస్తే చాలు.