ఇంటిల్లిపాదితో, స్నేహితులతో దగ్గరి హోటలుకు భోజనానికి వెళ్లడం ఎలా

ఇద్దరు ముగ్గురు మిత్రులు కలిసి వీధి మలుపులో ఉన్న హోటలుకు వెళ్లి తినిరావడానికి ఎవరి సలహా అక్కర్లేదు. అదే హోటలుకు అమ్మానాన్నలు, ఊరి నుంచి వచ్చిన మేనత్త, ఇద్దరు చిన్నపిల్లలు, పాత స్నేహితుడి కుటుంబం కలిసి పదిమంది బయలుదేరినప్పుడు మాత్రం కాస్త ముందుచూపు అవసరమవుతుంది. ఒకరు శనివారం మాంసం ముట్టరు, ఒకరికి మోకాళ్ల నొప్పి వల్ల మెట్లెక్కడం కష్టం, ఒకరికి మధుమేహం ఉంది కాబట్టి వేళ తప్పకుండా తినాలి, పిల్లలకు కారం పడదు. ఇన్ని అవసరాలను ఒకే బల్ల దగ్గర కుదర్చడానికి నేను పాటించే సూత్రం ఒకటే: వెళ్లేవారిలో ఎవరికి పట్టింపులు, ఇబ్బందులు ఎక్కువగా ఉన్నాయో వారిని దృష్టిలో పెట్టుకొని హోటలును, వేళను, వంటకాలను నిర్ణయించాలి. అన్నీ తినగలిగినవారు ఎక్కడైనా తృప్తిగా తింటారు. తినడానికి ఏమీ దొరకని మనిషి ఒక్కరున్నా మిగతావారికి ముద్ద దిగదు.

హోటలు ఎంపిక

మొదట తిథివారాలు చూసుకోవాలి. కార్తీక మాసంలోనూ, శ్రావణ మాసంలోనూ చాలా ఇళ్లలో మాంసాహారం వండరు. సోమవారమో, శనివారమో నియమంగా పాటించేవారు ప్రతి కుటుంబంలోనూ ఒకరైనా ఉంటారు. వీరిలో కొందరికి పక్కబల్ల మీద కోడికూర ఉన్నా అభ్యంతరం ఉండదు, కొందరు మాంసం వండే వంటింటి నుంచి వచ్చిన మంచినీళ్లు కూడా తాగరు. ఎవరు ఏ కోవకు చెందుతారో ఇంట్లోనే మెల్లగా అడిగి తెలుసుకోవాలి. హోటలు గుమ్మంలో నిలబడి అడిగితే మొహమాటానికి "ఫరవాలేదు" అంటారు, తర్వాత పెరుగన్నంతో సరిపెట్టుకుంటారు. అయ్యప్ప మాలలో ఉన్నవారిని హోటలు భోజనానికి రమ్మని బలవంతపెట్టకపోవడమే మర్యాద. ముస్లిం మిత్రులు వస్తుంటే మాంసం హలాలేనా అని హోటలువారిని ముందే అడిగి ఉంచుకోవాలి. రంజాన్ మాసంలో అయితే వారి ఉపవాసం ముగిసే సాయంకాలం వేళకు కార్యక్రమం పెట్టుకోవడం మంచిది. హైదరాబాద్‌లో ఆ వేళకే హలీం కూడా వేడివేడిగా దొరుకుతుంది.

రెండో విషయం మెట్లు. మన పట్టణాల్లోని చిన్న హోటళ్లలో ఫ్యామిలీ హాలు తరచుగా మొదటి అంతస్తులో ఉంటుంది, లిఫ్టు ఉండదు. పెద్దవాళ్లను వెంటబెట్టుకొని వెళ్లేటప్పుడు కింద హాలులో బల్లలు కలిపి వేయగలరా అని ఒక ఫోను చేసి అడిగితే సరిపోతుంది. ఇలాంటి హోటళ్లలో బల్లలు రిజర్వు చేసే పద్ధతి ఉండకపోవచ్చు గాని, "పన్నెండింటికల్లా పదిమందిమి వస్తాం" అని చెబితే చాలామంది యజమానులు ఏదో ఒక ఏర్పాటు చేస్తారు. చేతులు కడిగే చోటు, మరుగుదొడ్డి ఎలా ఉన్నాయో అంతకుముందు ఒక్కరుగా వెళ్లినప్పుడే గమనించి పెట్టుకోవాలి. ఆ రెండూ శుభ్రంగా ఉంచే యజమాని వంటింటి మీద కూడా శ్రద్ధ పెడతాడని నా నమ్మకం, అది చాలావరకు నిజమైంది కూడా.

పరిశుభ్రత విషయంలో మనం కంటితో చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. ఆహార వ్యాపారం చేసే ప్రతి హోటలుకూ ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల సంఖ్య ఉండాలి. 2022 జనవరి 1 నుంచి దానిని బిల్లు మీద కూడా ముద్రించాలన్న నియమం ఉంది. బజ్జీలు, పకోడీలు వేయించే మూకుడు వీధివైపే ఉంటుంది కాబట్టి నూనె రంగు తెలిసిపోతుంది. మళ్లీమళ్లీ కాచిన నూనె నల్లబడి, చిక్కబడి, పైన నురగ కడుతుంది. అలాంటిచోట వేపుళ్లు వదిలేసి ఇడ్లీ వంటి ఆవిరి వంటకాలతో సరిపెట్టుకోవడం మేలు. వర్షాకాలంలో పచ్చి ఉల్లిపాయ ముక్కలు, కోసి ఉంచిన కీరా ముక్కలు పిల్లలకు పెట్టకూడదు. మండీ (మాంసంతో వడ్డించే అరబ్బుల అన్నం), షవర్మాలతో ఇచ్చే మయొనైజ్ విషయంలోనూ జాగ్రత్త అవసరం: పచ్చి గుడ్లతో చేసిన మయొనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు నిషేధించింది, దాని వెనుక కలుషితాహారం వల్ల జనం ఆసుపత్రుల పాలైన ఘటనలు ఉన్నాయి.

వేళ

టిఫిన్లకు పొద్దున ఎనిమిదిలోపు, మీల్స్‌కు పన్నెండున్నరలోపు, రాత్రి భోజనానికి ఏడున్నరలోపు చేరుకోవాలి. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట దాటాక వెళ్తే నిలబడి ఎదురుచూడడం ఒక బాధ, తింటున్నవారి కుర్చీల వెనుక నిలబడవలసి రావడం మరొక బాధ. పైగా మీల్స్ హోటల్లో వేపుళ్లు, పచ్చళ్లు మొదటి పంక్తులవారికి దక్కినంత తాజాగా మూడింటికి వచ్చినవారికి దక్కవు. బిర్యానీ హోటల్లో దమ్ము గిన్నె ఎప్పుడు తీస్తారో అడిగి ఆ వేళకు వెళ్లాలి. గిన్నె మూత తీసిన అరగంటలోపు తిన్న బిర్యానీకి, అడుగున మిగిలినదానికి రుచిలో చాలా తేడా ఉంటుంది.

ఆర్డరు చెప్పడం

పూట బాగా గడవడం, గడవకపోవడం ఎక్కువగా ఇక్కడే తేలుతుంది కనుక కొంచెం వివరంగా చెబుతాను. పదిమంది పది రకాలుగా చెబితే రాసుకునే మనిషికి అర్థం కాదు, వంటింట్లో పదార్థాలు ఒక్కొక్కటిగా తయారై కొందరు తింటుంటే కొందరు చూస్తూ కూర్చోవలసి వస్తుంది. అందరి కోరికలూ కనుక్కొని ఒక్కరే చెప్పాలి, చెప్పాక ఒకసారి తిరిగి చదివించుకోవాలి. పిల్లలకు, మధుమేహం ఉన్న పెద్దలకు కావలసినవి ముందు తెమ్మని విడిగా చెప్పాలి. ఇడ్లీ, సాదా దోసె, అన్నం, పప్పు వంటివి త్వరగా వస్తాయి కాబట్టి వారి ఆకలి తీరాక మిగతావారు తీరికగా తినవచ్చు.

కారం తగ్గించమని అడిగేటప్పుడు వంటింటి పద్ధతి తెలిసి ఉండాలి. చాలా హోటళ్లలో కూరల గ్రేవీని పొద్దున్నే పెద్ద గిన్నెల్లో చేసి ఉంచుతారు. బిర్యానీలో మసాలా మాంసంతోపాటే కలిసిపోయి ఉంటుంది. ఈ రెండింటిలో "కారం తక్కువ వేయండి" అంటే సరేనంటారు గాని చేయగలిగింది పెద్దగా ఉండదు. మహా అయితే కాస్త మీగడో పెరుగో కలుపుతారు. అప్పటికప్పుడు పెనం మీదా, మూకుడులోనూ చేసే దోసెలు, ఆమ్లెట్లు, ఫ్రైడ్ రైస్, నూడుల్స్ వంటివాటిలో మాత్రం కారం నిజంగానే తగ్గించగలరు. అందుకే కారం పడనివారికి బిర్యానీ తెప్పించి దానిమీద పెరుగుపచ్చడి పోసి తినిపించే బదులు, మొదటినుంచీ తెల్లన్నం, పప్పు, ఆమ్లెట్ చెప్పడం మంచిది. మండీలో కారం తక్కువ కాబట్టి పిల్లలకు అది నచ్చుతుంది. హైదరాబాద్‌లో యెమెన్ మూలాలున్న కుటుంబాలు స్థిరపడిన బార్కస్ ప్రాంతం దీనికి ప్రసిద్ధి. ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చొని తినే ఈ పద్ధతి స్నేహితుల బృందానికి చక్కగా సరిపోతుంది, ఎంగిలి పట్టింపు ఉన్న పెద్దలకు మాత్రం అక్కడ విడిగా పళ్లెం అడగాలి.

పల్లీలు, జీడిపప్పు, పాలు, రొయ్యలు పడనివారి సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. దోసెతో వచ్చే చట్నీలో పల్లీలు ఉంటాయి, తెల్లని గ్రేవీల్లో జీడిపప్పు ముద్ద ఉంటుంది, మీల్స్‌లో పొడుల్లోనూ, కొన్ని పచ్చళ్లలోనూ పల్లీలు కనిపించకుండా కలిసి ఉంటాయి. "ఇష్టం లేదు" అని చెబితే సర్దుకోమంటారు. "తింటే ఒంటికి పడదు, ఆసుపత్రికి తీసుకెళ్లవలసి వస్తుంది" అని చెబితే వంటమాస్టరును అడిగి వచ్చి సరైన సమాధానం చెబుతారు.

ఎంత చెప్పాలన్నది తర్వాతి ప్రశ్న. సింగిల్, ఫుల్, ఫ్యామిలీ ప్యాక్, జంబో ప్యాక్ అనే మాటలకు అన్ని హోటళ్లలో ఒకే కొలత లేదు. ఒకచోట సింగిల్ బిర్యానీ ఇద్దరికి సరిపోతుంది, మరోచోట ఒక్కరికే చాలదు. "ఇది ఎంతమందికి వస్తుంది, ముక్కలు ఎన్ని ఉంటాయి" అని అడగడంలో చిన్నతనం ఏమీ లేదు. ఆరుగురు వెళ్తే మొదట నలుగురికి సరిపడా చెప్పి, తిన్నాక అవసరాన్ని బట్టి మళ్లీ తెప్పించుకోవాలి. ఆకలి మీద చెప్పిన ఆర్డరు ఎప్పుడూ ఎక్కువే అవుతుంది. ముఖ్యంగా చికెన్ 65, మంచూరియా వంటివి ముందే కడుపు నింపేస్తాయి కాబట్టి నలుగురికి ఒక ప్లేటు చొప్పున చాలు. సూపులు, టీలు వన్ బై టూ అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. ఫుల్ మీల్స్ మాత్రం మనిషికొకటి లెక్క; ఒక ఆకులో ఇద్దరు తినడానికి ఒప్పుకోరు, అది న్యాయమే. చిన్నపిల్లలకు, తక్కువ తినే పెద్దలకు ప్లేట్ మీల్స్ చెబితే వృథా ఉండదు.

ఏం తెప్పించాలన్న విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది: ఆ వంటమాస్టరు చేతికి అలవాటైనదే తినాలి. నెల్లూరు వారి హోటల్లో చేపల పులుసు, రాయలసీమ వారి హోటల్లో రాగి సంగటి, నాటుకోడి పులుసు, కృష్ణా గుంటూరు ప్రాంతాల వారి మెస్సులో ముద్దపప్పు, ఆవకాయ, గోంగూర, ఉలవచారు ఉన్నప్పుడు, అక్కడ కూడా పనీర్ బటర్ మసాలా, రుమాలీ రోటీ చెప్పడం నాకు బాధ కలిగిస్తుంది. మెనూ కార్డులో వంద పేర్లున్నా ఆ వంటింట్లో రోజూ వండేవి పదిహేనో ఇరవయ్యో ఉంటాయి. చుట్టుపక్కల బల్లల మీద ఎక్కువగా ఏం కనిపిస్తోందో చూసి, "ఈ రోజు ఏది బాగుంది" అని సర్వరును అడిగితే ఆ జాబితా దొరుకుతుంది.

ఆ సర్వరుతో మాట్లాడే తీరు గురించి ఒక మాట. హైదరాబాద్ హోటళ్లలో ఇప్పుడు చాలామంది ఒడిశా, బిహార్, పశ్చిమ బెంగాల్, అస్సాంల నుంచి వచ్చి పనిచేస్తున్నవారు. తెలుగు పూర్తిగా రాదు. కంగారు పెట్టకుండా చిన్న మాటల్లో, అవసరమైతే మెనూలో వేలుపెట్టి చూపిస్తూ చెప్పాలి. చిటికెలు వేసి పిలవడం, "ఏయ్" అనడం పిల్లల ముందు అసలే తగదు. "బాబూ", "అన్నా", "భయ్యా" అని పిలిస్తే చాలు. పిల్లలు కింద పోసిన అన్నాన్ని కనీసం ఒకపక్కకు తీసి లేవాలి.

బిల్లు

ఎవరు ఇవ్వాలన్నది కూర్చోకముందే తేల్చుకోవాలి. పిలిచినవారు ఇవ్వడం మన ఆనవాయితీ. స్నేహితులు పంచుకోవాలనుకుంటే ఒకరు మొత్తం చెల్లించి, బయటికొచ్చాక మిగతావారు ఫోనులో వారి వాటా పంపడం సులువు. కౌంటరు దగ్గర నలుగురు చేతులు అడ్డుపెట్టుకుంటూ పెనుగులాడితే వెనుక నిలబడ్డవారికి ఆలస్యమవుతుంది.

చెల్లించేముందు బిల్లును ఒకసారి చదవాలి, రాని పదార్థాలు అందులో ఉన్నాయేమో చూడాలి. 2017 నవంబరు 15 నుంచి మామూలు రెస్టారెంట్లలో జీఎస్టీ 5 శాతమే, ఏసీ హాలులో కూర్చున్నా అంతే. ఏసీ హాలుకు మెనూలో ధర ఎక్కువగా పెట్టుకోవచ్చు గాని పన్ను శాతం మారదు. అమ్మకాల మీద కొంత శాతం పన్ను తామే కట్టే కాంపోజిషన్ పథకంలో ఉన్న చిన్న హోటళ్లు గిరాకీల నుంచి విడిగా జీఎస్టీ వసూలు చేయకూడదు, ఆ సంగతి బిల్లుపై రాసి ఉండాలి. సర్వీస్ చార్జీ వేరే విషయం. దానిని బిల్లులో దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న వాటిని సమర్థించింది. తీసేయమని మర్యాదగా అడిగితే ఎక్కువమంది తీసేస్తారు. తీయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. వడ్డించిన మనిషికి ఇవ్వదలచుకున్నది అతని చేతికే ఇవ్వడం నాకు ఇష్టం.

వంట బాగా లేకపోతే బల్ల దగ్గర గొడవపడకుండా యజమానికి కౌంటరు దగ్గర ఫలానాది పులిసింది, ఫలానాది ఉడకలేదు అని స్పష్టంగా చెప్పాలి. రోజూ కళ్లెదుట కనిపించే హోటలు కాబట్టి చాలామంది సరిచేసుకుంటారు. బాగుంటే అది కూడా చెప్పాలి, వీలైతే వంటమాస్టరుకు వినబడేలా చెప్పాలి.

మిగిలినది

మిగిలిన పదార్థాలను వదిలేయకుండా పార్సిల్ కట్టించుకోవాలి. ఇంటి నుంచే రెండు స్టీలు డబ్బాలు తీసుకెళ్తే పొగలు కక్కే సాంబారును, పులుసును ప్లాస్టిక్ కవర్లలో పోయించుకొనే అవసరం ఉండదు, పార్సిల్ డబ్బాలకు వేసే అదనపు డబ్బూ మిగులుతుంది. ఎంగిలి చేతులు పడని పదార్థాలనే కట్టించుకోవాలి. అన్నం, బిర్యానీ వండినప్పటి నుంచి బయట ఎక్కువసేపు ఉంటే వాటిలో పెరిగే ఒక రకం బాక్టీరియా విషం తయారుచేస్తుంది, ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. అందువల్ల తిన్నాక పార్కుకో, సినిమాకో వెళ్లే ఆలోచన ఉంటే పార్సిల్ కట్టించుకోకపోవడమే మేలు. నేరుగా ఇంటికి వెళ్లేటట్లయితే చేరిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు కావలసినంత మాత్రమే బయటికి తీసి పొగలు వచ్చేదాకా వేడిచేసి తినాలి. ఒకసారి వేడిచేసినదాన్ని తిరిగి ఫ్రిజ్‌లో పెట్టకూడదు.