రెండు గదుల ఇంట్లో రాగి మాల్టు, ఆపైన అంబలి

రాగుల్ని మొలకెత్తించి, ఎండబెట్టి, పొడి కొట్టుకోవడం రాయలసీమ ఇళ్లకు కొత్త కాదు. కానీ చాలా ఇళ్లలో ఆ పొడి మామూలు రాగిపిండిలాగే ఉడుకుతుంది, గరిటె నిలబడేంత చిక్కగా. అసలైన మాల్టు అలా ఉండదు. చిక్కటి జొన్న గంజిలో దాన్ని కలిపితే పావుగంటలో గంజి మజ్జిగలా జారాలి. చిటికెడు చక్కెర వేయకుండానే నాలుక మీద తీపి తగలాలి. అలా జరగలేదంటే మొలకలో పుట్టిన ఎంజైములు, అంటే పిండిని కోసి చక్కెరగా మార్చే పదార్థాలు, దారిలో ఎక్కడో చచ్చిపోయాయన్నమాట. అనంతపురంలో అవి ఎక్కువగా చచ్చేది మిద్దె మీదే.

బీరు చేసేవాళ్లు బార్లీతో చేసే పని కూడా ఇదే. గింజను మొలకెత్తిస్తారు, ఆరబెడతారు, వేడి నీళ్లలో నానబెట్టి పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తారు. ఆ తర్వాత వాళ్లు ఈస్టు వేస్తారు, ఇక్కడ మనం మజ్జిగ వేస్తాం. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968 ప్రకారం లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారుచేయడం నేరం. కాబట్టి ఇక్కడ చెప్పేది పులిసిన అంబలి దాకానే. రుచి విషయంలో దానివల్ల పెద్దగా పోయేదేమీ లేదు.

దీనికి పెద్ద చోటు అక్కర్లేదు. వంటింట్లో రెండడుగుల కడప బండ, మిద్దె మీద ఒక మూల చాలు. మూడు లీటర్ల మందపాటి స్టీలు గిన్నె, రెండు పాత పంచె ముక్కలు, చాట, సన్న జల్లెడ, మిక్సీ, మూత గట్టిగా పట్టే హాట్‌బాక్సు కావాలి. కొనాల్సింది ఒక్కటే, 100 డిగ్రీల దాకా చూపించే వంట థర్మామీటరు. జ్వరం చూసే థర్మామీటరు 42 దగ్గరే ఆగిపోతుంది, పనికిరాదు. వేలు పెట్టి అంచనా వేద్దామనుకుంటే 60 డిగ్రీలకూ 75 డిగ్రీలకూ వేలికి తేడా తెలియదు, రెండూ కాలుతాయి. ఈ పనిలో తేడా అంతా ఆ పదిహేను డిగ్రీల్లోనే ఉంది.

గింజ

హిందూపురం, మడకశిర వైపు పండే రాగులు సంతలో సులువుగా దొరుకుతాయి. తినడానికి అమ్మేవే కొనండి. విత్తనాల దుకాణంలో రాగులు బాగా మొలుస్తాయి కదా అని అవి తేవద్దు. వాటికి బూజు పట్టకుండా మందు కలిపి ఉంటారు, ఎంత కడిగినా తినే వస్తువు కాదు.

కిలో కొనేముందు గుప్పెడు తెచ్చి పరీక్ష పెట్టండి. వంద గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టి రెండు రోజులు ఉంచాలి. 85కు పైగా మొలిస్తే మంచి సరుకు. 70 లోపు అయితే ఆ రాగులు సంగటికి వాడుకోండి, మాల్టుకు వద్దు. మొలవని గింజ ఊరికే ఉండదు, తడిలో కుళ్లి పక్క గింజలకు బూజు అంటిస్తుంది.

జొన్నలు మొలకెత్తించవద్దు. జొన్న మొలకలో, ముఖ్యంగా చిగురులో, సైనైడును విడుదల చేసే పదార్థం పుడుతుంది. లేత జొన్న చొప్ప మేసి పశువులు పడిపోవడం మన రైతులకు తెలిసిందే, అదీ ఇదీ ఒకటే. మొలకెత్తని జొన్నకు ఆ భయం లేదు. కాబట్టి మొలకకు రాగి, గంజికి జొన్న.

మొలక

కిలో రాగులను నాలుగైదు నీళ్లు పోసి కడిగి, తేలిన పొట్టు, తాలు తీసేయాలి. అడుగున చేరే ఇసుక కోసం చివర్లో గాలించాలి. తర్వాత రెట్టింపు నీళ్లలో నానబెట్టాలి. చలికాలంలో 12 గంటలు, ఏప్రిల్, మే నెలల్లో 8 గంటలు చాలు. మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చాలి, మార్చినప్పుడల్లా అరగంట గింజను నీళ్లు లేకుండా ఉంచాలి. గింజకూ ఊపిరాడాలి. నీళ్లు మార్చకపోతే పుల్లటి వాసన కొడుతుంది, ఆ గింజ సగమే మొలుస్తుంది.

నీళ్లు వంపేసి, తడిగుడ్డ పరిచిన వెడల్పాటి పళ్లెంలో రెండు సెంటీమీటర్ల మందాన పరిచి, పైన ఇంకో తడిగుడ్డ కప్పండి. మూటగట్టి వేలాడదీసే అలవాటు పెసలకు సరిపోతుంది. కిలో రాగుల మూట మాత్రం లోపల వేడెక్కుతుంది. మొలిచే గింజ తనంతట తానే వేడి పుట్టిస్తుంది, మూట మధ్యలో చెయ్యి పెట్టి చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. 25 నుంచి 30 డిగ్రీల మధ్య మొలక హాయిగా వస్తుంది, 35 దాటితే కుళ్లు మొదలవుతుంది. ఇంట్లో చల్లటి చోటు సాధారణంగా వంటింటి కడప బండ కింది అర. మే నెలలో అదీ వెచ్చగా ఉంటే పళ్లెం కింద నీళ్ల పళ్లెం పెట్టండి, లేదా కూలరు గదిలోకి మార్చండి. వీలైతే ఈ పని నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య చేసి రెండు మూడు నెలలకు సరిపడా నిల్వ పెట్టుకోవడం తెలివైన పని.

ఇక్కడి గాలి పొడి. పైగుడ్డ మూడు గంటల్లో ఆరిపోతుంది. రోజుకు మూడు నాలుగుసార్లు చేత్తో నీళ్లు చిలకరించి, వేళ్లతో కిందామీదా తిప్పాలి. తిప్పకపోతే మొలకల వేర్లు ఒకదానికొకటి అల్లుకుని చాపలా పట్టుకుంటుంది, మధ్యలో గాలి ఆడదు. ఎండాకాలం 36 నుంచి 48 గంటలు, చలికాలం 72 గంటలు పడుతుంది. మొలక అర సెంటీమీటరు వచ్చి, చిగురు పచ్చబడక ముందే ఆపేయాలి. ఇంకా పెరగనిస్తే గింజలోని పిండిని మొక్క తినేస్తుంది, మనకు మిగిలేది తక్కువ.

తెల్లగా మెత్తగా వేరు చుట్టూ ఉండే నూగు బూజు కాదు, అవి వేరు వెంట్రుకలే. నీళ్లు చిలకరిస్తే అణిగిపోతాయి. నల్లగానో, పచ్చగానో, నారింజ రంగులోనో మచ్చలు కనిపిస్తే, ముక్కిన వాసన వస్తే పళ్లెం మొత్తం పారేయండి. మచ్చ ఉన్నంత వరకే తీసేసి మిగతాది వాడుకోవద్దు. వేరుశనగలో ఆఫ్లాటాక్సిన్ అనే బూజు విషం గొడవ అనంతపురానికి బాగా తెలుసు, బూజు కనిపించిన మేరకే విషం ఉంటుందన్న హామీ లేదు.

ఆరబెట్టడం, అసలు తప్పు జరిగేచోటు

ఎండ బోలెడు ఉంది కదా అని తడి మొలకల్ని నేరుగా మిద్దె మీద పోస్తాం. మధ్యాహ్నం సిమెంటు కాలు పెట్టలేనంత కాలుతూ ఉంటుంది. తడిగా ఉన్నప్పుడు ఎంజైములు వేడికి తట్టుకోలేవు, ఆరాక అదే వేడిని చాలావరకు ఓర్చుకుంటాయి. కాబట్టి వరుస ముఖ్యం. ముందు నీడలో, ఫ్యాను కింద, పలుచగా పరిచి ఐదారు గంటలు ఉంచండి. గింజ చేతికి అంటుకోకుండా పొడిపొడిగా రాలాక మిద్దెకు ఎక్కించండి, అదీ నేల మీద కాదు, మంచం మీద పరిచిన గుడ్డ మీద. పైన పలుచటి చీర కప్పితే దుమ్ము, పిచ్చుకలు రెండింటి బెడదా ఉండదు. ఎండాకాలం ఒక పూర్తి రోజు, చలికాలం రెండు మూడు రోజులు.

ఆరిందా లేదా అన్నది పంటికింద వేస్తే తెలుస్తుంది. పటుక్కున విరగాలి, సాగకూడదు. ఇంకో పరీక్ష ఉంది. పొడి గాజు సీసాలో గుప్పెడు మాల్టు, చెంచాడు పొడి ఉప్పు వేసి రెండు నిమిషాలు ఊపండి. ఉప్పు సీసా గోడకు అంటుకుందంటే ఇంకా తడి ఉంది.

ఆరిన మొలకల్ని గోనెపట్టా మీద పోసి అరచేత్తో గట్టిగా రుద్దితే ఎండిన వేర్లు ఊడిపోతాయి. చాటలో చెరిగితే ఎగిరిపోతాయి. బద్ధకించి వదిలేస్తే అంబలి చేదెక్కుతుంది. కిలోకు చివరికి 850 గ్రాములకు అటూఇటూగా మిగులుతుంది.

దీన్ని రెండు భాగాలు చేయండి. మూడు వంతులు వేయించకుండా అలాగే ఉంచాలి. ఒక వంతు సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి వేరే డబ్బాలో పెట్టాలి. వేయించినదానిలో ఎంజైములు మిగలవు, అది రంగుకు, వాసనకు మాత్రమే. కొట్లో కొన్న మాల్టు పొడి గంజిని పలుచన చేయకపోతే దాన్ని వేయించి ఉంటారనే అనుకోవాలి. పాలలో కలుపుకుని తాగడానికి అది బాగానే ఉంటుంది, ఈ పనికి రాదు.

పొడి కొట్టేటప్పుడు మిక్సీని పది సెకన్లు తిప్పి ఆపి, మళ్లీ తిప్పండి. ఒక్కబిగిన తిప్పితే మిక్సీ గిన్నె వేడెక్కుతుంది. పిండిమరకు పంపితే ఎక్కువమొత్తం త్వరగా అయిపోతుంది గానీ, అంతకుముందు మిరపకాయలు ఆడించి ఉంటే మీ అంబలి ఘాటు చెబుతుంది. గింజగా అయితే గాలి చొరని డబ్బాలో రెండు మూడు నెలలు ఉంటుంది, పొడి మాత్రం మూడు వారాల్లో వాడేయాలి.

గంజిని కరిగించడం

బార్లీ గురించి రాసిన పద్ధతులు చూసి, రాగి మాల్టును 65 డిగ్రీల నీళ్లలో గంటసేపు నానబెడితే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. పిండిపదార్థం ముందు ఉబ్బి మెత్తబడితేనే ఎంజైములు దాన్ని కోయగలవు. బార్లీ పిండి 60 డిగ్రీల చుట్టుపక్కలే మెత్తబడుతుంది. రాగి, జొన్న పిండికి అంతకన్నా ఎక్కువ వేడి కావాలి, ఆ వేడికి మాల్టులోని ఎంజైములు తట్టుకోవు. అందుకే రెండు అంచెలు: ముందు జొన్నను పూర్తిగా ఉడికించడం, అది చల్లారాక మాల్టు కలపడం.

లీటరున్నర నీళ్లు మరిగించి 150 గ్రాముల జొన్న రవ్వను ఉండ కట్టకుండా పోస్తూ కలపండి. సన్నసెగ మీద 25 నిమిషాలు ఉడకాలి. కర్నూలు, నంద్యాల నల్లరేగడి జొన్న అయితే రుచి ఇంకా బాగుంటుంది. ఈలోగా 50 గ్రాముల వేయించని మాల్టు పొడిని 200 మిల్లీలీటర్ల చన్నీళ్లలో కలిపి పెట్టుకోండి. గంజి దించి, కలుపుతూ 70 డిగ్రీలకు చల్లారనివ్వండి. థర్మామీటరు గిన్నె మధ్యలో పెట్టి చూడాలి, అంచున కాదు. 70 చూపించగానే మాల్టు నీళ్లు పోసి కలిపితే మొత్తం 64, 65 దగ్గర నిలబడుతుంది. 75 దగ్గరే తొందరపడి పోస్తే ఎంజైములు దెబ్బతింటాయి, 55కు చల్లారాక పోస్తే పని నత్తనడక నడుస్తుంది.

ఇక చూడాల్సింది గరిటెనే. పోసినప్పుడు గరిటె నుంచి గంజి ముద్దలు ముద్దలుగా పడుతుంది. ఐదు నిమిషాలకు తాడులా జారుతుంది. పావుగంటకు నీటిధారలా పడుతూ గిన్నెలో చప్పుడు చేస్తుంది. అప్పుడు ముందే వేడినీళ్లతో కడిగి వెచ్చగా ఉంచిన హాట్‌బాక్సులోకి మార్చి గంటసేపు కదపకుండా ఉంచండి. 60 దాకా దిగినా పర్వాలేదు.

గంట తర్వాత తెల్ల పళ్లెంలో ఒక చుక్క అంబలి వేసి, దానిమీద మందుల దుకాణంలో దొరికే అయోడిన్ మందు చుక్క వేయండి. ముదురు నీలమో నలుపో అయితే పిండి ఇంకా మిగిలి ఉంది, మరో అరగంట ఆగాలి. అయోడిన్ రంగు మారకపోతే పని అయిపోయింది. రవ్వ పలుకు మీద కాకుండా పైనున్న ద్రవం మీదే చూడాలి, పలుకులో ఎప్పుడూ కొంత పిండి ఉంటుంది. పరీక్ష చేసిన చుక్కను పారబోయండి.

తర్వాత పది నిమిషాలు మరిగించడం తప్పనిసరి. వేయించని మాల్టు మీద బోలెడు సూక్ష్మజీవులు ఉంటాయి, 65 డిగ్రీలు వాటికి సరిపోదు. మరిగేటప్పుడే వేయించిన మాల్టు పొడి రెండు చెంచాలు కలిపితే కమ్మదనం వస్తుంది.

గంజి పలచబడకపోతే మొదట నీళ్లను అనుమానించండి. ఈ జిల్లాల్లో బోరు నీళ్లు చాలాచోట్ల చవుడు, క్షారగుణం ఎక్కువ. మాల్టుకు కొంచెం ఆమ్లం ఇష్టం, పీహెచ్ 5.2 నుంచి 5.6 మధ్య. గంజిలో ఒక చెంచా నిమ్మరసం పిండితే తేడా కనిపిస్తుంది. ఫ్లోరైడ్ ఉన్న నీళ్లను మరిగించినా ఫ్లోరైడ్ పోదు, నీరు తగ్గేకొద్దీ చిక్కబడుతుంది కూడా. తాగడానికి తెచ్చుకునే క్యాను నీళ్లే దీనికీ వాడండి.

పులియబెట్టడం

వడగట్టిన అంబలి గోరువెచ్చగా, 38 డిగ్రీలకు, దిగాక రెండు చెంచాల పుల్లటి మజ్జిగ కలిపి కుండలోనో స్టీలు గిన్నెలోనో పోసి మూత వదులుగా పెట్టండి. ఇత్తడి, అల్యూమినియం పాత్రలు పులుపుకు పనికిరావు. చలికాలం రాత్రంతా, మే నెలలో ఐదారు గంటలు. పులుపు తగలగానే ఉప్పు వేసి ఫ్రిజ్‌లో పెట్టి, రెండు రోజుల్లో తాగేయాలి. ముందే ఉప్పు వేస్తే పులియడం మందగిస్తుంది. బయట ఇంకా వదిలేస్తే గాలిలోని ఈస్టు చేరి నురగ, సారా వాసన మొదలవుతాయి. మూత బిగించిన గాజు సీసాలో మాత్రం ఎప్పుడూ పులియబెట్టవద్దు, గ్యాసు పేరుకుని సీసా పేలుతుంది.

ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు సన్నగా తరిగి, వేయించిన జీలకర్ర నలిపి వేసుకుంటే సరి. చక్కెర వేయలేదు కదా అని షుగరు ఉన్నవాళ్లు చెంబులకొద్దీ తాగకూడదు. ఆ తీపి మాల్టోజు, అదీ చక్కెరే.

తర్వాతి దఫాకు మజ్జిగ బదులు ఈ అంబలినే ఒక గరిటెడు దాచుకోవచ్చు. ఐదారుసార్లు తిరిగాక పులుపుతోపాటు వేరే వాసన రావడం మొదలైతే దాన్ని పారబోసి మళ్లీ తాజా మజ్జిగతో మొదలుపెట్టండి.