ఎవరో, ఎవరైనా, ఎవరూ: ఇంగ్లిష్ ఇండెఫినిట్ ప్రొనౌన్లను తెలుగు దారిలో నేర్చుకోవడం

హనుమకొండలోనో, కాజీపేటలోనో గది తీసుకొని పోటీ పరీక్షలకు చదువుకునే విద్యార్థుల్లో చాలామంది సమ్‌బడీ, ఎనీబడీ, నోబడీ, ఎవ్రీబడీ అనే మాటలను పట్టిక రాసుకొని కంఠస్థం చేస్తారు. పట్టికను తడుముకోకుండా అప్పజెప్పగలిగినవారు కూడా సొంతంగా వాక్యం రాయవలసి వచ్చినప్పుడు ఏ మాట ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేక ఆగిపోతారు. ఫలానా అని తేల్చి చెప్పని మనిషినో వస్తువునో సూచించే ఇటువంటి సర్వనామాలు తెలుగులోనూ ఉన్నాయి, వాటిని మనం చిన్ననాటి నుంచి తప్పు లేకుండా వాడుతున్నాం. అందుకే అభ్యాసాన్ని తెలుగు నుంచి మొదలుపెట్టాలని నేను గట్టిగా చెబుతాను.

“ఎవరు” అనే ప్రశ్నపదం చివర ఏమి చేరుతుందో ముందుగా గమనించండి. “ఎవరో వచ్చారు”, “ఎవరైనా వచ్చారా?”, “ఎవరూ రాలేదు” అనే మూడు వాక్యాలను ఒకదాని కింద ఒకటి రాయండి. ఇంట్లో మాట్లాడుకునే తీరులో “ఎవరో వచ్చిండ్రు, ఎవరన్నా వచ్చిండ్రా, ఎవ్వరూ రాలే” అని రాసుకున్నా తేడా స్పష్టంగానే ఉంటుంది. చివర “ఓ” ఉంటే మనిషి ఉన్నాడు గానీ ఎవరన్నది తెలియదు. అక్కడ సమ్‌బడీ వస్తుంది. “ఐనా” గానీ “అన్నా” గానీ ఉంటే, మనిషి ఉన్నాడో లేడో తెలియదు, లేదా ఎవరైనా ఫరవాలేదు. అక్కడ సాధారణంగా ఎనీబడీ వస్తుంది. చివర “ఊ” ఉండి క్రియ వ్యతిరేకార్థంలో ఉంటే నోబడీ వస్తుంది. ఏదో, ఏదైనా, ఏదీ అనే మాటలకు సమ్‌థింగ్, ఎనీథింగ్, నథింగ్ ఇదే వరసలో సరిపోతాయి. సమ్‌బడీకి, సమ్‌వన్‌కు అర్థంలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఈ పోలిక రెండుచోట్ల తప్పుతుంది. అతిథిని “ఏమైనా తాగుతారా?” అని మర్యాదగా అడిగేటప్పుడు ఇంగ్లిష్‌లో “వుడ్ యూ లైక్ సమ్‌థింగ్ టు డ్రింక్?” అనడమే పద్ధతి, ఎందుకంటే అడిగేవారు అవునన్న జవాబును కోరుకుంటున్నారు. “ఎవరికైనా చెప్పు” అనే వాక్యంలో ఒక మనిషికి చెప్పి తీరాలన్న ఉద్దేశం ఉంటే “టెల్ సమ్‌బడీ” అనాలి. ఎవరికి చెప్పినా అభ్యంతరం లేదన్నప్పుడే “టెల్ ఎనీబడీ” అవుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ తప్పులు వ్యతిరేకార్థంలో జరుగుతాయి కాబట్టి ఇక్కడ తొందరపడకండి. “ఎవరూ రాలేదు” అన్నప్పుడు తెలుగులో కాదనే భారమంతా క్రియ మోస్తుంది, “ఎవరూ” దానికి తోడుగా నిలుస్తుంది. ప్రామాణిక ఇంగ్లిష్‌లో ఆ భారం సర్వనామం మోస్తే క్రియ మోయకూడదు, క్రియ మోస్తే సర్వనామం మోయకూడదు. “నోబడీ డిడ్ నాట్ కమ్” అని రాస్తే రెండు వ్యతిరేకాలు ఒకదానినొకటి కొట్టేసుకొని అందరూ వచ్చారన్న అర్థానికి దారితీస్తుంది. “ఎనీబడీ డిడ్ నాట్ కమ్” కూడా చెల్లదు, ఎందుకంటే నాట్ కన్నా ముందు, కర్తస్థానంలో, ఎనీబడీ ఆ అర్థంతో నిలవలేదు. సరైన వాక్యం “నోబడీ కేమ్”. అదే సర్వనామం క్రియ తరువాత వస్తే రెండు దారులున్నాయి: ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లిన రైతు కాంటా దగ్గర ఎవరినీ చూడలేదని చెప్పాలంటే “హి డిడ్ నాట్ సీ ఎనీబడీ” అనవచ్చు, “హి సా నోబడీ” అని కూడా అనవచ్చు. “అందరూ రాలేదు” అనే వాక్యాన్ని కూడా జాగ్రత్తగా చూడాలి. కొందరే వచ్చారన్నది మీ భావమైతే “నాట్ ఎవ్రీబడీ కేమ్” అని రాయండి. “ఎవ్రీబడీ డిడ్ నాట్ కమ్” అంటే ఒక్కరూ రాలేదని కూడా అర్థం చేసుకునే వీలుంది.

తరువాతది క్రియతో పొందిక. “అందరూ సిద్ధంగా ఉన్నారు” అనే బహువచనానికి అలవాటుపడిన మనకు “ఎవ్రీబడీ ఆర్ రెడీ” అని నోటికి వస్తుంది, కానీ అది “ఎవ్రీబడీ ఈజ్ రెడీ” అని ఉండాలి. ఈచ్ విషయంలో తప్పు మరింత సులభంగా దొర్లుతుంది. 1163లో రుద్రదేవుని కాలంలో నిర్మించిన వేయిస్తంభాల గుడి త్రికూటాలయం; శివునికి, విష్ణువుకు, సూర్యునికి వేర్వేరు గర్భాలయాలున్నాయి. ఈ సంగతిని “ఈచ్ ఆఫ్ ద త్రీ ష్రైన్స్ ఈజ్ డెడికేటెడ్ టు ఎ డిఫరెంట్ గాడ్” అని రాయాలి. ష్రైన్స్ అనే బహువచనం క్రియకు ఆనుకొని ఉండడం వల్ల చెయ్యి ఆర్ వైపు పోతుంది, అయితే క్రియ అనుసరించేది ఈచ్‌ను. ఎవ్రీవన్‌ను తిరిగి ప్రస్తావించేటప్పుడు మాత్రం “ఎవ్రీవన్ బ్రాట్ దేర్ హాల్ టికెట్” అన్నట్లు దేర్ వాడడం నేడు విరివిగా ఆమోదం పొందింది. పాత వ్యాకరణ పుస్తకాల్లో హిజ్ కనిపిస్తుంది. పరీక్షలో దేర్ ఇవ్వకుండా “హిజ్ ఆర్ హర్” మాత్రమే ఇస్తే దానిని ఎంచుకోండి.

రెండింటి గురించి చెప్పేటప్పుడు బోత్, ఐదర్, నైదర్. మూడు గానీ అంతకు మించి గానీ ఉంటే ఆల్, ఎనీ, నన్. వరంగల్, కాజీపేట స్టేషన్లు రెంటిలోనూ ఒక రైలు ఆగకపోతే “ద ట్రైన్ స్టాప్స్ ఎట్ నైదర్ ఆఫ్ దెమ్” అవుతుంది. హనుమకొండను కూడా కలిపి మూడు ఊళ్ల మాట చెబితే నైదర్ పనికిరాదు, నన్ కావాలి. ఫ్యూ అంటే దాదాపు లేనట్లే, ఎ ఫ్యూ అంటే కొన్ని ఉన్నట్లు.

విశేషణం సమ్‌థింగ్, నథింగ్, సమ్‌బడీ వంటి సర్వనామాలకు ముందు కాక తరువాత వస్తుంది: “సమ్‌థింగ్ న్యూ”, “నథింగ్ స్పెషల్”. రాతలో సమ్‌వన్, ఎనీవన్ ఒకే మాటగా కలిసి ఉంటాయి, నో వన్ మాత్రం రెండు మాటలుగా విడిగా ఉంటుంది.

సాధనకు పుస్తకంలోని ఖాళీలు నింపడం చాలదు. రోజూ ఇంట్లో, బస్టాండులో, అంగడిలో వినిపించే మాటల్లో “ఎవరో, ఏదన్నా, ఎవ్వరూ, అందరూ” ఉన్న వాక్యాలను విన్నవి విన్నట్లు నోటుబుక్కులో ఎడమవైపు రాసుకోండి. కుడివైపు ఇంగ్లిష్ వాక్యం రాసేముందు మూడు సంగతులు చూడండి: తెలుగు సర్వనామం చివర ఏ ప్రత్యయం ఉంది, రాయబోయే ఇంగ్లిష్ వాక్యంలో కాదనే మాట ఎన్నిసార్లు వస్తుంది, అందులో క్రియ ఏకవచనంలో ఉందా. తప్పు వచ్చిన వాక్యాన్ని కొట్టివేయకుండా దాని కిందనే సరైనది రాయండి, మరుసటి వారం ఎడమవైపు మాత్రమే చూస్తూ ఆ వాక్యాలను మళ్లీ రాయండి.