అమెరికా ఐ బాండ్ల ధరలు గ్నూక్యాష్‌లోకి ఎక్కించడం ఎలా?

ఖాతాల లెక్కలు రాసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ గ్నూక్యాష్‌లో షేర్ల ధరలు ఒక్క బటన్ నొక్కితే ఆన్‌లైన్ నుంచి వచ్చేస్తాయి. అమెరికా ప్రభుత్వం అమ్మే ఐ సిరీస్ సేవింగ్స్ బాండ్లకు అది కుదరదు. అవి మార్కెట్‌లో చేతులు మారేవి కావు, టికర్ (మార్కెట్‌లో గుర్తుపట్టే పొట్టి పేరు) లేదు. కాకపోతే వాటి ధర కట్టే లెక్క పక్కాగా ఉంటుంది. అది స్ప్రెడ్‌షీట్‌లో వేసి, సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన సాదా ఫైలుగా) ఎక్కించుకోవడమే.

1. టూల్స్‌లో సెక్యూరిటీ ఎడిటర్ తెరిచి, కొన్న నెలకొక సెక్యూరిటీ చేర్చండి. 2022 నవంబరు బాండుకు సింబల్ దగ్గర ఐబీ2211 అని, టైప్ దగ్గర సేవింగ్స్ అని పెట్టుకోండి (ఇంగ్లిష్ అక్షరాల్లో). ‘గెట్ ఆన్‌లైన్ కోట్స్’ టిక్ ఉంటే తీసేయండి.

2. 10,000 డాలర్ల బాండును 25 డాలర్ల చొప్పున 400 యూనిట్లుగా రాయండి. బాండ్లు జారీ చేసే అమెరికా ఆర్థిక శాఖ, అంటే ట్రెజరీ, 25 డాలర్ల మీదే విలువ కట్టి సెంట్లకు సవరిస్తుంది. నేరుగా 10,000 మీద లెక్కేస్తే తేడా వచ్చేది ఇక్కడే.

3. ఆ బాండుకు మొదటి ఆర్నెల్ల రేటు 6.89 శాతం. 25 × (1 + 0.0689 ÷ 2) = 25.86. అంటే 10,344 డాలర్లు, సవరించకపోతే 10,344.50 వచ్చేది. తర్వాతి ఆర్నెల్లకు 3.79 శాతం, ఈసారి మొదలు 25.86 నుంచి. మధ్య నెలలకు బ్రాకెట్‌లోని మొత్తాన్ని (గడిచిన నెలలు ÷ 6) ఘాతానికి ఎక్కించి, రౌండ్ ఫంక్షన్‌తో రెండు దశాంశాలకు కుదించండి.

రేట్లు మే, నవంబరుల్లో ప్రకటిస్తారు గానీ మీ బాండుకు కొత్త రేటు కొన్న నెల నుంచి ఆర్నెల్లకే తగులుతుంది. జనవరి బాండుకైతే జులైలో. ఎక్కువగా తప్పేది ఇదే.

4. బాండు సొమ్ము అయిదేళ్లలోపు తీసుకుంటే చివరి మూడు నెలల వడ్డీ పోతుంది. అందుకే 2023 నవంబరు 1 తేదీ ఎదుట, పన్నెండు నెలలు గడిచినా, తొమ్మిది నెలల విలువ, 26.10 రాయాలి. ఈ బాండ్లు ఉండే ప్రభుత్వ వెబ్‌సైటు ట్రెజరీ డైరెక్ట్‌లోని ఖాతాలోనూ 10,440 అనే కనిపిస్తుంది.

5. ఫైల్ మెనూలోని ఇంపోర్ట్‌లో, సీఎస్‌వీ నుంచి ధరలు తెచ్చుకునే ఆప్షన్ ఎంచుకోండి. నిలువు వరుసలకు డేట్, అమౌంట్, ఫ్రమ్ నేమ్‌స్పేస్, ఫ్రమ్ సింబల్, కరెన్సీ టు అని పేర్లివ్వండి. నేమ్‌స్పేస్ అంటే మొదట్లో మీరు టైప్‌గా పెట్టిన సేవింగ్స్. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆ వరుస ఎక్కదు. పాత ధర సవరిస్తుంటే ఓవర్‌రైట్ టిక్ పెట్టండి.

2027 నవంబరు 1న ధర ఒక్కసారిగా ఎగబాకుతుంది. కోత తొలగి, ఆగిన మూడు నెలల వడ్డీ కలుస్తుంది. ఆ నెల నుంచి షీటులో గడిచిన నెలల్లోంచి మూడు తీసివేయడం ఆపండి.