లాంబార్డ్ సాహిత్యం చదవాలంటే మొదటి నుంచి మొదలుపెట్టకండి

లాంబార్డ్ కవిత్వం చదువుతున్నానంటే మా విజయనగరంలో అందరూ మొదట అది ఏ దేశం అనడుగుతారు, ఆ తర్వాత దానివల్ల మనకేం వస్తుంది అనడుగుతారు. రెండోదానికి నా దగ్గర జవాబు లేదు గానీ, ఎలా చదవాలో మాత్రం చెప్పగలను, ఎందుకంటే తప్పుగా మొదలుపెట్టి ఒక నెల పాడుచేసుకున్నాను.

ముందు పేరు దగ్గరే జాగ్రత్త పడండి. 568లో ఇటలీ మీదికి దండెత్తి వచ్చిన లాంగోబార్డులది జర్మన్ కుటుంబానికి చెందిన భాష, అది ఎప్పుడో పోయింది. నేను రెండు రోజులు కూర్చుని వాళ్ళ రాజుల గురించే చదివాను, తీరా చూస్తే మనక్కావలసింది అది కాదు. మనకి కావలసింది లాటిన్ నుంచి పుట్టి మిలాన్, బెర్గమో, బ్రెషా వైపు, స్విట్జర్లాండ్‌లో తిచీనో వైపు ఇప్పటికీ మాట్లాడే భాష. వెతికేటప్పుడు కవి పేరుతో వెతకండి, గొడవ ఉండదు.

రెండో తప్పు, 13వ శతాబ్దం నుంచి వరసగా చదవబోవడం. ఆ కాలపు మిలాన్ కవి బోన్‌వెసిన్ ద లా రివా గొప్పవాడే, భోజనాల దగ్గర మర్యాదలు 50 చెప్పాడు, తినడానికి కూర్చోగానే ముందు పేదవాళ్ళని తలుచుకో అన్నది మొదటిది. చెంచాతో తినేటప్పుడు జుర్రుమని చప్పుడు చెయ్యొద్దని కూడా అన్నాడు, మన చారు ప్రియులకి కష్టమే. కానీ ఆ భాష పాతది, ఊపిరాడదు.

అందుకని తిన్నగా కార్లో పోర్తా (1775–1821) దగ్గరికి వెళ్ళండి. మిలాన్‌లో సర్కారు ఖజానా ఉద్యోగి. 1812లో రాసిన జొవానిన్ బొంజే కష్టాల కవిత తీసుకోండి. ఫ్రెంచివాళ్ళ పెత్తనం రోజుల్లో, రాత్రి పని నుంచి అలిసిపోయి ఇంటికొస్తున్న ఒక బడుగుజీవి కథ. దారిలో గస్తీవాళ్ళు ఆపుతారు, ఇంటి మెట్ల మీద పెళ్ళాం జోలికొచ్చిన సిపాయి తగులుతాడు, దెబ్బలు తినేదీ ఇతనే. ఇదంతా ఒక పెద్దమనిషి ముందు నిలబడి "లుస్త్రిస్సెమ్" అంటూ చెప్పుకుంటాడు. అక్షరాలా మహాఘనత వహించిన అని, కానీ నాకు మాత్రం "చిత్తం బాబూ" అని వినిపిస్తుంది. తర్వాత "నినెత్తా" చదవండి, ఒక వేశ్య తన కథ తానే చెప్పుకోవడం. మధురవాణి గుర్తొస్తుంది, కానీ ఆవిడ తెలివి ఈ పిల్లకి లేదు, వలచినవాడి చేతిలో నిలువునా మునిగిపోతుంది.

కళ్ళతో చదవొద్దు, పైకి చదవండి. పోర్తా స్పెల్లింగ్‌లో ఓ అని రాసింది చాలాచోట్ల ఊ అని పలుకుతుంది. యూ అక్షరం కనిపిస్తే నోట్లో ఈ అంటూ పెదాలు మాత్రం ఊకి చుట్టండి. ఓ-ఈ-యూ మూడూ కలిసొస్తే ఏ అంటూ పెదాలు ఓలా పెట్టండి. మా ఇంట్లో నన్ను చూసి పంటినొప్పి అనుకున్నారు. పక్కన కెరూబీని 1814లో వేసిన మిలనీస్ (అంటే మిలాన్‌లో మాట్లాడే లాంబార్డ్) నిఘంటువు స్కాన్ తెరిచి పెట్టుకోండి, అర్థాలు ఇటాలియన్‌లో ఉంటాయి, అనువాదం యాప్‌తో గడిచిపోతుంది.

పోర్తా రుచి తగిలాక వెనక్కి వెళ్ళండి. మాజ్జి అనే మిలాన్ రచయిత 1697 నాటకంలో దొన్నా క్వింజియా అనే గొప్పింటావిడ మిలనీస్‌లో ఇటాలియన్ కలిపి కోతలు కోస్తుంది, నౌకరు మెనెగీనో మాత్రం తన మాటే మాట్లాడతాడు. గిరీశం ఇంగ్లీషు విన్న చెవికి ఇది వివరించక్కర్లేదు. ఆ తర్వాత 1760 గొడవ. బ్రాండా అనే పాదిరీ మేస్టారు టస్కన్‌ని, అంటే పుస్తకాల ఇటాలియన్‌కి మూలమైన భాషని, ఆకాశానికెత్తి మిలనీస్‌ని చులకన చేస్తే, ఒకప్పటి శిష్యుడు, కవి పరీనీయే ఎదురు తిరిగాడు, కరపత్రాల మీద కరపత్రాలు పడ్డాయి. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు ఇక్కడ ఇలాంటి పోరు పెట్టింది ఇంకో నూటయాభై ఏళ్ళకి. నన్ను పట్టుకున్నది అసలు ఇదే. తేడా ఏంటంటే, ఇక్కడ వాడుక భాష గెలిచి బడిలోకొచ్చింది, అక్కడ మిలనీస్ ఇంట్లోనే ఉండిపోయింది.

చివరగా ఇరవయ్యో శతాబ్దం. డెలియో టెస్సా (1886–1939) కష్టం, మాటలు మధ్యలో తెంపేస్తాడు, తొందరపడొద్దు. ఫ్రాంకో లోయి (1930–2021) జెనోవాలో పుట్టి మిలాన్ వీధుల్లో ఈ భాష పట్టుకున్నాడు. ఆయన దగ్గరకొచ్చేసరికి పైన చెప్పిన స్పెల్లింగ్ లెక్క వదిలేయండి, పెదాలు చుట్టాల్సిన యూ మీద రెండు చుక్కలు ఆయనే పెట్టేశాడు.