ముగ్గు పోశాక ఇంట్లో అందరినీ నడిపించండి

30 ఏళ్లుగా అమలాపురం చుట్టుపక్కల ఊళ్లలో తాపీ పని చేస్తున్నాను. ఇల్లు కట్టించుకునేవాళ్లు వస్తూనే ఎన్ని గదులు కావాలో చెబుతారు. ఇంట్లో ఎవరెవరు ఉంటారు, ఎవరి వయసెంత అని నేను అడుగుతాను. డబ్బు పెట్టే మనిషి ఒక్కడే మాట్లాడితే ఆ ఇల్లు అతని ఒక్కడికే సరిపోతుంది.

ప్లాను గీయించకముందే ఒక్కొక్కరితో విడిగా కూర్చోండి. ఏం కావాలని అడిగితే పెద్దవాళ్లు "నాదేముంది, మీ ఇష్టం" అనేస్తారు. పొద్దున లేచింది మొదలు ఏమేం చేస్తారో చెప్పించండి. అంబాజీపేట దగ్గర ఒక పాత మండువా లోగిలి విప్పి కొత్త ఇల్లు కట్టేటప్పుడు, ఎనభై దాటిన మామ్మగారిని ఇలాగే అడిగాను. తెల్లవారకముందే లేచి, కాఫీ గ్లాసు పట్టుకుని వీధి అరుగు మీద కూర్చుంటానని, దారినపోయేవాళ్లంతా పలకరిస్తారని చెప్పారు. కొడుకు గీయించిన ప్లానులో అరుగే లేదు. ఆవిడకి వెనకవైపు ఏసీ గది ఇచ్చారు. మేము ప్లాను ప్రకారం గోడలు వచ్చే చోట నేల మీద ముగ్గు పోసి, మంచం వచ్చే చోట కుర్చీ వేసి ఆవిడని కూర్చోబెట్టాం. కాసేపు అటూ ఇటూ చూసి, "ఇక్కడి నుంచి గోడే కదా నాయనా కనబడేది" అన్నారు. కొడుకు ఇంకేమీ మాట్లాడకుండా గదిని వీధివైపుకి మార్పించి, కిటికీ కింద అరుగు వేయించాడు. ముగ్గు చెరిపి మళ్లీ పోయడానికి మాకు గంట పట్టింది.

మన గోదావరి లంకల్లో, ఏటిగట్టు పక్క ఊళ్లలో ఇంకో చిక్కుంది. వరద భయంతో అరుగుమట్టం, అంటే నేల నుంచి ఇంటి గచ్చు ఎత్తు, ఎక్కువ పెట్టాలి, ఎత్తు పెడితే మోకాళ్ల నొప్పులవాళ్లు మెట్లెక్కలేరు. మట్టం ఎంతో మీ వీధిలో పెద్దవాళ్లనే అడగండి. 1986 ఆగస్టు వరద ఎక్కడిదాకా వచ్చిందో గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. 2022 జులై నీళ్లు పిల్లలకీ గుర్తే. మట్టం తగ్గించవద్దు, మెట్టు తగ్గించండి: ఎత్తు 6 అంగుళాలు, పాదం ఆనే వెడల్పు అడుగు, పక్కన పట్టుకోవడానికి గొట్టం. వాలుదారి కావాలంటే అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు పడుతుంది. 3 అడుగుల మట్టానికి 36 అడుగులు. ముందు అంత చోటు ఉండదు కాబట్టి పక్కగోడ వెంట మలుపు తిప్పి తీసుకురండి. నిటారుగా వేస్తే చక్రాల కుర్చీ తోసేవాళ్ల చేతులు జారతాయి. బాత్రూము తలుపు 3 అడుగులు ఉంచి, గడప తీసేసి, గరుకు టైల్స్ వేయించండి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను. తడి గచ్చు మీద పడి తుంటి విరిగిన పెద్దవాళ్లను చాలామందిని చూశాను.

చిన్నపిల్లలు ఉంటే మేడ మీద రెయిలింగు మూడున్నర అడుగులకు తగ్గకూడదు. కడ్డీలు నిలువుగానే పెట్టించండి, అడ్డంగా పెడితే నిచ్చెనలా ఎక్కేస్తారు. కడ్డీల మధ్య సందు 4 అంగుళాలు దాటనివ్వకండి.

కాలేజీ వయసువాళ్లు మూసుకునే తలుపు, బల్ల, దాని పక్కనే ప్లగ్గు అడుగుతారు. ఇవ్వండి, అది న్యాయమైన కోరికే. మేడమెట్లు బయటినుంచి పెడితే, రేపు వాళ్లు హైదరాబాదు వెళ్లినా పైభాగం అద్దెకి ఇచ్చుకోవచ్చు.

వంటగట్టు ఎత్తు మాత్రం టేపుతో తేల్చకండి. రోజూ వండే మనిషిని నిలబెట్టి మోచెయ్యి మడవమనండి. మోచేతికి నాలుగైదు అంగుళాల కింద గట్టు రావాలి. పెరట్లో అంట్లు తోముకునే చోట నీడ ఎప్పుడు పడుతుందో కూడా ఆమెనే అడగండి.

ముగ్గు పోశాక రెండు రోజులు అలాగే ఉంచండి. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి అందరూ అందులో నడవాలి. మంచం నుంచి బాత్రూముకి ఎన్ని అడుగులో పెద్దవాళ్ల చేతనే లెక్కపెట్టించండి. ఆ తర్వాతే గునపం వేయించండి.